మిల్లీమీటరు మేళా

కళ్లద్దాల దుకాణంలో వెనక గది ఆయనది. అక్కడ అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. కంటికి ఆనని తేడా కూడా ఆయన వేలికి తగులుతుంది కాబట్టి తోటివాళ్లు మిల్లీమీటరు అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లు వెక్కిరించామనుకున్నారు. ఆయన మాత్రం బిరుదిచ్చినంత సంబరపడ్డాడు.

నెత్తిన సగం జుట్టు రాలిన ఈ మనిషి జపాన్ కార్టూన్ సీరియళ్లు, అదే అనిమే, చూస్తూ కళ్లు తుడుచుకుంటాడని మొదట కనిపెట్టింది చెల్లెలు. ఆమెకు స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్టు ఉంది. నవ్వుదామని పక్కన కూర్చుని, నాలుగు ఎపిసోడ్లు అయ్యేసరికి తనూ ముక్కు ఎగబీల్చింది. అలా అన్నాచెల్లెళ్లు బ్యాడ్మింటన్ క్లబ్బు హాలును ఒక ఆదివారం అడిగి తీసుకుని, తమలాంటి పిచ్చివాళ్లందరినీ రమ్మన్నారు. అదే మేళా.

మొదటి ఏడాది మనుషులకంటే కుర్చీలే ఎక్కువ. అనిమే పాత్రల వేషాల పోటీకి దుప్పట్లూ అట్టకత్తులూ వచ్చాయి. వేషాలు సరిచూడ్డానికి గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఇద్దరూ కూర్చున్నారు.

“కత్తి పిడికి తాడు ఇటు కాదు నాయనా, అటు చుట్టాలి. కథలో అతనిది ఎడమచేతివాటం కదా” అనేవాడు మిల్లీమీటరు. చెల్లెలు సూదీ జిగురూ తీసి అక్కడికక్కడే సరిచేసేది. తమ తప్పు పట్టుకునేంత శ్రద్ధగా చూసే మనిషి ఒకడున్నాడని ఆ నోటా ఈ నోటా పాకింది. కొన్నేళ్లకు రెక్కలు కట్టుకున్నవాళ్లు బస్సుల్లో పక్కవాళ్ల చేత తిట్లు తింటూ మరీ వచ్చారు. హాలు చాలక ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదిలో కూడా అనిమేలు వేసి చూపించారు.

జనం పెరిగేసరికి బల్లకు కొమ్ములొచ్చాయి. సరిచేసే తీరిక లేదు, తప్పు చెప్పి పంపేయడమే. “ఎపిసోడ్ మళ్లీ చూసి రా. వచ్చే ఏడు కలుద్దాం.”

ఆ ఊపులో చెల్లెల్నే పంపేశాడు. ఆమె ఒక అనిమేలోని దెయ్యాల రైలు గార్డు కోటు కుట్టుకుని, మురిసిపోతూ బల్లకు అవతల వైపు నిలబడింది.

“ఏడో ఎపిసోడ్‌లో నడుము దగ్గరి బొత్తం ఊడిపోతుంది. నువ్వు అన్నీ కుట్టేశావు” అన్నాడు.

“బొత్తం లేని కోటు నా కొట్టు గడప దాటదు అన్నయ్యా.”

“అయితే పోటీకి పనికిరాదు.”

“నన్నే అంటున్నావా?”

“బల్ల దగ్గర చెల్లెలేంటి, ఎవరైనా ఒకటే.”

ఆమె కోటు విప్పి మడతపెట్టుకుని వెళ్లిపోయింది. తర్వాత ఫోన్లో కూర గురించీ వాన గురించీ మాట్లాడేది. మేళా మాటెత్తితే మాత్రం కుట్టుమిషను చప్పుడు పెరిగేది.

సూది వెళ్లిపోయాక బల్ల మీద నోరొక్కటే మిగిలింది. ఈలోగా పెద్ద షాపింగ్ మాల్‌లో ఎవరో మేళా పెట్టారు. అక్కడ ఏ వేషమైనా ఫొటో తీసి, చప్పట్లు కొట్టి పంపుతారు. జనం అటు జారారు. “వాళ్లకి ఎడమా కుడీ తెలియదు” అని మిల్లీమీటరు అద్దాలతో చెప్పుకునేవాడు. చివరికి క్లబ్బు సెక్రటరీ, ఇకమీదట ఆదివారాలు కోచింగ్‌కి ఇచ్చేస్తున్నామని చెప్పాడు.

మిల్లీమీటరు చెల్లెలికి ఫోన్ చేశాడు. “ఇదే ఆఖరు. వస్తావా?”

“బల్ల ఉంటుందా?”

“... ఉంటుంది.”

మిషను చప్పుడు పెరిగింది.

ఆ ఆదివారం మళ్లీ మనుషులకంటే కుర్చీలే ఎక్కువ. వచ్చిన కొద్దిమందినీ ఏమీ అనకుండా లోపలికి పంపేసి, ఆయన గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎవరో అమ్మాయి కత్తిని తలకిందులుగా పట్టుకుని వెళ్లినా చూడలేదు.

పోటీ మొదలయ్యే వేళకు చెల్లెలు మామూలు బట్టల్లో, చంకలో సంచీతో వచ్చింది.

“లే అన్నయ్యా.” ఆయన కుర్చీలో కూర్చుంది. “ఇన్నేళ్లలో ఒక్క వేషమైనా వేశావా నువ్వు?”

“ఏం వేసినా నా దగ్గర పాసవదు కదే.”

“ఇవాళ పరీక్ష పెట్టేది నేను. తొడుక్కో.”

సంచీలో గార్డు కోటు. ఆయన కొలతలకు కొత్తగా కుట్టింది. బొత్తాలన్నీ ఉన్నాయి. మిల్లీమీటరు నోరు తెరిచాడు, చెల్లెలి ముఖం చూసి మూశాడు. కోటు తొడుక్కుని, పొట్ట లోపలికి లాక్కుని బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

“మాట్లాడవేం?”

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“కొలతలు మన మొదటి మేళా నాటివి. కాస్త బిగుతా?”

తల నిలువుగా ఊపాడు.

“అయ్యో, ఊపిరి వదులు!”

వదిలాడు. నడుము దగ్గరి బొత్తం టప్పున ఎగిరి బల్ల కిందికి దొర్లింది.

ఇద్దరూ ఆ ఖాళీ వైపు చూశారు. చెల్లెలి చేయి అలవాటుగా సూది కోసం సంచీలోకి వెళ్లి, ఉత్తిగానే బయటికొచ్చింది.

“నడువు. పిలుస్తున్నారు.”

“గడప దాటనివ్వనన్నావుగా?”

“ఇది నా కొట్టు గడప కాదులే. పో.”

ఆయన రెండడుగులు వేసి ఆగాడు. “దారం పోగు కొంచెం వేలాడాలే, ఏడో ఎపిసోడ్‌లో...”

“అన్నయ్యా!”

“వెళ్తున్నా, వెళ్తున్నా.”