నోవహు కళ్ళు

డాఫ్నీ టనిక్లిఫ్‌కి డెబ్బై ఆరేళ్ళు. నాటింగ్‌హామ్‌లో ఒక బడి వంటగదిలో ఇరవై రెండేళ్ళు బంగాళాదుంపలు ఉడకబెట్టి రిటైరయింది. పుట్టింది మాత్రం మా బ్రాకెన్‌డేల్‌లోనే. ఏటా జూన్‌లో మేము ఊటబావికి పూలపటం తయారుచేసే వారం ఆమె ఒక్కతే రైలెక్కి, మాట్లాక్‌లో దిగి, బస్సు మారి వస్తుంది. చెక్క మీద తడిమట్టి పరిచి, పూరేకులు అద్ది బొమ్మ చేస్తాం. ఆ బొమ్మలో ముఖం పెట్టే పని ముప్పై ఒక్క ఏళ్ళుగా డాఫ్నీదే.

ఈ ఏడు ఆ పని పోతుందని ఆమె భయం. రెండేళ్ళుగా ఆమె చూపు మధ్యలో ఒక మరక నిలిచిపోయింది. రెటీనా నడిమధ్య కణాలు చచ్చిపోతే అంతే. చుట్టూ ఉన్నది కనబడుతుంది, సూటిగా చూసింది కనబడదు. ఆసుపత్రి వాళ్ళకీ కూతురికీ తప్ప ఎవరికీ తెలియదు. కూతురు కారులో దింపుతానంటే వద్దంది. వస్తే పటం పనంతా నడిపే థెల్మాతో చెప్పేస్తుంది. చెబితే ముఖం ఇంకొకరి చేతికి పోతుంది. ఆ తర్వాత ఈ ఊరొచ్చి చేసేదేముంది, కుర్చీలో కూర్చుని టీ తాగడం తప్ప?

రైల్లో మూడుసార్లు సంచి విప్పి పట్టకారు ఉందో లేదో తడిమి చూసుకుందట. స్టేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒకటి తప్పిందేమోననిపించి ఎదురుగా కూర్చున్నవాళ్ళ మాటలు చెవి రిక్కించి విన్నది. మాట్లాక్‌లో బస్సు వచ్చి ఆగింది. నంబరు ఉండాల్సిన చోట బూడిదరంగు. డ్రైవర్ని అడిగితే సరిపోయేది. కానీ వెనక వరసలో నిలబడ్డది మా ఊరి మనిషే అయితే? సాయంత్రానికి వీధి వీధికీ తెలుస్తుంది. టైము సరిగ్గానే ఉంది కదా అని ఎక్కేసింది.

మా ఊరి బస్సయితే పది నిమిషాలకి క్వారీ ఎత్తు దగ్గర ఇంజను మూలగాలి. మూలగలేదు. బస్సు చదునైన దారిలో హాయిగా పోతోంది. గంట నొక్కి దిగి, అవతలి పక్కన గోడకి ఆనుకుని, తిరుగు బస్సు కోసం గంటంబావు నిలబడింది.

ఇక్కడ థెల్మా హీత్‌కోట్ కొట్టంలో మేము ఈ ఏటి బొమ్మలో, అంటే బైబిలు జలప్రళయంలో నోవహు కథలో, ఓడా, సముద్రమూ పూర్తిచేసేశాం. నోవహు ముఖం మీద మాత్రం తడిగుడ్డ కప్పి ఉంది. మట్టి ఆరితే రేకు అంటదు. నేను మా పాపని వీపుకి కట్టుకుని, అది కళ్ళకని ఉంచిన కాఫీ గింజలు ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని చస్తూ సముద్రం అద్దాను. థెల్మా పావుగంటకోసారి గుడ్డ మీద నీళ్ళు చల్లుతూ, గేటు దాకా వెళ్ళి వస్తూ ఉంది. ఆరింటికల్లా పటం బావి దగ్గర నిలబెట్టాలి.

మూడింటికి డాఫ్నీ వచ్చింది.

"వచ్చావా మహాతల్లీ! ఓడ వెళ్ళిపోయింది. నోవహు తలకాయ లేకుండా మిగిలాడు," అంది థెల్మా.

"బస్సు ఆలస్యమే."

"మన బస్సు ఒంటిగంటకే వచ్చిపోయింది."

"మార్కెట్లో కాస్త తిరిగాలే. ఏం, తిరక్కూడదా?"

థెల్మా టీ ఇచ్చి, బల్ల మీద రేకులు నింపిన ఏడు కప్పులు వరసగా పెట్టింది. "ఎడమ నుంచి కుడికి, లేత నుంచి ముదురు. ఊరికే సర్దాను."

డాఫ్నీ చెయ్యి ఆగిపోయింది. థెల్మా జన్మలో ఏ వస్తువునీ సర్దిన మనిషి కాదు.

అయినా కూర్చుంది. నల్లటి కాయలతో గీసిన అంచుని వేలితో తడుముతూ, కింద నుంచి పైకి, రేకు మీద రేకు, ఇంటి పెంకుల్లాగా పేర్చింది. అలా పేరిస్తేనే వాన జారిపోతుంది. గడ్డం అయింది, చెంపలయ్యాయి. కళ్ళ దగ్గరికొచ్చేసరికి పట్టకారుతో కాఫీ గింజ పట్టుకుని తల కోడిలా పక్కకి తిప్పింది. మళ్ళీ తిప్పింది. గింజ కప్పులో పడేసి లేచి చేతులు కడుక్కుంది. వెలుతురు బాలేదంది. నలుగురం కలిసి పటం జరిపాం. వెలుతురు ఇంకా బాలేదంది. మళ్ళీ జరిపాం.

"థెల్మా," అంది చివరికి, "నాకు మధ్యలో కనబడదు."

"తెలుసే."

"ఎప్పట్నించి?"

"పోయినేడు దేవదూతకి చెవి కింద కన్ను పెట్టావు. నువ్వు బస్సెక్కాక తీసి సరిచేశాను."

"నా పని తీసేశావా?"

"ఒక్క కన్నేలే. రెండోది చక్కగానే ఉంది."

"చెప్పొచ్చుగా నాతో!"

"నువ్వు చెప్పొచ్చుగా నాతో! చెబితే రావడం మానేస్తావని నేను, చెబితే పని ఇవ్వనని నువ్వు. ఒకే బళ్ళో చదివాం మరి, ఇద్దరికీ అదే తెలివి."

డాఫ్నీ మొహం ఎర్రబడింది. కాసేపు కొట్టం బయటికెళ్ళి నిలబడి వచ్చింది.

"కళ్ళు నువ్వు పెట్టు. గడ్డం, చెంపలు, నుదురు నావి. వచ్చే ఏడూ నావే."

"నేను పెడితే మెల్లకన్ను వస్తుంది."

"రానీ. నలభై రోజులు వానలో తడిసినవాడు, ఎటు చూస్తేనేం?"

మెల్లకన్నే వచ్చింది. మర్నాడు పాస్టరుగారు బావిని దీవించినంత సేపూ నోవహు ఒక కంటితో ఆయన్నీ, ఒక కంటితో టీ బల్లనీ చూస్తూనే ఉన్నాడు.

ఆదివారం డాఫ్నీ సంచి పట్టుకుని నేనూ బస్సు దాకా వెళ్ళాను. వరసలో మా ఊరివాళ్ళు ఐదుగురున్నారు. బస్సు ఆగింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"ఇది మాట్లాక్ పోయేదేనా బాబూ?"

"ముందు అంతంత అక్షరాల్తో రాసుందిగా అమ్మా."

"రాసే ఉంటుంది," అంది డాఫ్నీ, వెనకున్న ఐదుగురికీ వినబడేలా. "నాకు కనబడదు. నువ్వు చెప్పు."