కాక చెయ్యి

డెబ్బైల్లో గోదావరిఖనిలో బొగ్గుబావి మీద క్లర్కుగా ఉన్నప్పుడు, షిఫ్టు దిగినవాళ్లకు వారపత్రికలో కథలు చదివి వినిపించేవాణ్ణి. మాలవాడ నుంచి వచ్చి బొగ్గు నింపే కాక ఒకాయన ముందే కూర్చునేవాడు. ఆయనకు చదువు రాదు. కథలోకి దొంగ రాగానే చెయ్యెత్తి ఆపేవాడు.

"నల్లటోడు, మా వాడలోడు. గంతేనా సారు?"

ప్రతిసారీ అంతే. అందరం నవ్వేవాళ్లం.

ఒక వారం నా కథే అచ్చయింది. గొప్పగా చదువుతున్నాను. దొంగ వచ్చాడు, కాక చెయ్యి లేచింది. నేను రాసింది అప్పుడు కనపడింది నాకు: బొగ్గులాంటి ఒళ్లు, వాడ బుద్ధి.

"ఈసారి కాదు కాకా. తెల్లగుంటడు, దొర కొడుకు," అని అబద్ధం చదివాను.

కాక లేచి నిలబడ్డాడు. "సూడుండ్రి, మన సారు తెల్లటి దొంగను రాసిండు!"

ఆ పత్రిక అడిగి తీసుకున్నాడు. ఇవ్వనని ఎట్లా చెప్పను?

"ఇంటికాడ నా బిడ్డతోని మల్ల సదివిపిచ్చుకుంట. అయిదో తరగతి గదా."

తర్వాతి వారమూ వచ్చి అక్కడే కూర్చున్నాడు. కథలోకి దొంగ వచ్చాడు. నేను ఆగి చూశాను. కాక చెయ్యి ఎత్తలేదు.