అన్నిటికీ ఒకే గాటు

పోయిన వారం మా చెల్లెలి కొడుకు పెళ్లి కార్డుల కోసం ఛత్తా బజార్ వెళ్లాం. దుకాణాయన ఒక్కో నమూనా మా ముందు పరిచి బంగారు గీతలూ, పట్టు కుచ్చులూ చూపిస్తుంటే, నేను ఏం అచ్చేసి ఉందో చూడకుండా ఒక కార్డు మూల పట్టుకుని వంచి వదిలాను. అట్ట టక్కున నిటారుగా లేచింది. వేళ్ల మధ్య రుద్ది కూడా చూశాను. "క్యా దేఖ్‌రే అమ్మా? మాల్ మస్తుంటది, ఫికర్ చెయ్యకుర్రి" అన్నాడాయన. మా చెల్లెలు మోచేత్తో పొడిచి, "అక్కా, గణపతి బొమ్మ సూడు, అట్టేం సూస్తవ్" అంది. దానికేం తెలుసు? వేళ్లు నావే గానీ ఆ అలవాటు మా మామది.

మామ అంటే మా ఆయన తండ్రి. రైల్వే పార్సిల్ ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరై, ఉప్పుగూడ స్టేషన్‌కు రెండు గల్లీల అవతల మాతోనే ఉండేవారు. ముప్పై ఏళ్లు ఊరివాళ్ల మూటలన్నిటికీ చీటీలు అంటించిన మనిషి కాబట్టి, చీటీ లేని వస్తువును చూస్తే ఆయనకు ఊపిరాడేది కాదు. మా వంటింట్లో ఉప్పు, పప్పు, చక్కెర, చాపత్తా డబ్బాలన్నిటికీ ఒకే కొలత కాగితం, ఒకే నీలి సిరా, ఒకే ముత్యాల రాత. "నలభై ఏండ్ల సంది వండుతున్న, ఉప్పేదో నాకు తెల్వదా?" అని అత్త చక్కెర డబ్బాలో శనగపప్పు పోసి కసి తీర్చుకునేది. మధ్యాహ్నానికల్లా ఆ డబ్బా మీద శనగపప్పు అని కొత్త చీటీ ఉండేది.

ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క పిచ్చి నాణేలు. అన్నీ కాదు, నిజాం కాలపు వెండి రూపాయలు, చార్మినార్ బొమ్మ ఉన్నవి, ఏడాదికి ఒకటి చొప్పున. ఉర్దూ మీడియంలో చదివినవారు కనుక వాటి మీది అంకెలు ఆయనకు వార్తాపత్రిక చదివినంత సులువు. వాటికి హోల్డర్లు తానే చేసేవారు. పెళ్లి కార్డుల దుకాణంలో మిగిలిన అట్ట ముక్కలు తెచ్చి, రెండంగుళాల చదరాలుగా కోసి, మధ్యలో గుండ్రటి కిటికీ చేసి, పలచటి పారదర్శక కాగితం వేసి, రూపాయిని రెండు అట్టల నడుమ పెట్టి నాలుగు పిన్నులు కొట్టేవారు. పిన్నుల వెనక భాగాన్ని పట్టకారుతో నొక్కి చదును చేసేవారు, పక్క రూపాయికి గీత పడకుండా. అట్ట ఏ మాత్రం తెలుపు తేడా ఉన్నా, మందం తేడా ఉన్నా పక్కన పడేయడమే. ఆ అట్టల మీద నేను పదేళ్లు కిరాణా లిస్టులు రాసుకున్నాను.

చెక్క ఫ్రేములో ఇరవై రెండు గళ్లు. ఇరవై ఒకటి నిండాయి. ఒక్క ఏడాది రూపాయి మాత్రం ఆయనకు ఎక్కడా దొరకలేదు. అఫ్జల్‌గంజ్‌లో పాత సామాన్ల వాళ్లందరికీ ఆయన ముఖం తెలుసు. ఏటా నాణేలవాళ్లు ఒక ఫంక్షన్ హాల్లో ప్రదర్శన పెట్టేవారు. గడి ఖాళీ ఉంటే పోటీకి తీసుకోరు. ఆ ఏడు ఆయన కుడి కంట్లో శుక్లం ముదిరింది, వేళ్లకు వణుకు మొదలైంది. ఈసారి కాకపోతే ఇక చేతిరాత కుదరదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఇక నా రూపాయి సంగతి. మా అమ్మమ్మ మెడలో వెండి రూపాయల దండ ఉండేది. ప్రతి రూపాయికీ పైన, దారం ఎక్కించడానికి ఒక చిన్న వెండి రింగు అతికించి ఉండేది. ఆమె తర్వాత అమ్మ వేసుకుంది. అమ్మ పోయాక దండ తెంపి అక్కచెల్లెళ్లం తలా ఒకటి తీసుకున్నాం. నాదాన్ని కుంకుమ భరిణెలో దాచుకుని బతుకమ్మ రోజున మెడలో వేసుకునేదాన్ని. దాని మీద ఏ సంవత్సరం ఉందో మా ఇంట్లో ఎవరూ చదవలేదు, చదవడం రాదు కూడా. ఒకరోజు దేవుడి అర తుడుస్తూ దాన్ని బయట పెడితే మామ చూశారు. "బిడ్డా, గదొక్కసారి ఇటియ్యి" అని తీసుకుని, భూతద్దంలో చాలాసేపు చూసి, "మంచిగున్నది, జాగ్రత్తగ పెట్టుకో" అని తిరిగి ఇచ్చేశారు. రెండు రోజులు అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. అత్తే నన్ను పక్కకు పిలిచింది. "ఆయన దేవులాడే ఏడు నీ రూపాయి మీదనే ఉన్నదంట. తిండన్న మానేస్తడు గని నిన్ను అడగడు."

నేనే వెళ్లి చెప్పాను. "తీస్కోండి మామా. రింగు తీపిచ్చి పెట్టుకోండి. డబ్బల ఉండి నాకేం జేస్తది?" తేలిగ్గానే అన్నాను. అన్నాక గానీ తట్టలేదు. రింగు పోతే అది మళ్లీ మెడకెక్కదు, అమ్మది కూడా కాదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు నేను, ఆ మొండితనం వల్ల చాలానే పోగొట్టుకున్నాను.

చార్మినార్ వెనక గల్లీలో వెండి పని చేసే అవుసలాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన రూపాయిని అటూ ఇటూ తిప్పి, "ఐదు నిమిషాల పని. రాకి పాలిష్ గొడ్త, ఆనవాలు గూడ ఉండది" అన్నాడు. పట్టకారు తీసుకున్నాడు. నేను వీధిలో గాజుల బండి వైపు చూస్తూ నిలబడ్డాను. ఇంతలో అతనే, "ఇటు సూడుర్రి, రింగు ఒక దిక్కు ఎంత సన్నగైందో. ఉత్త నూలు దారానికే గింత అరిగిందంటె ఎన్నేండ్లు మెడల ఉన్నదో" అన్నాడు. మామ భూతద్దం తీశారు. రింగును చూశారు, తర్వాత నన్ను చూశారు. "ఉండనియ్యి భాయ్" అని రూపాయి వెనక్కి తీసుకున్నారు.

మామ ఇంటి బస్సు ఎక్కలేదు. నేరుగా ఛత్తా బజార్‌కు నడిచి, వంచి, రుద్ది, వెలుతురులో చూసి, ఒక కట్ట కొత్త అట్ట కొన్నారు. మర్నాటి నుంచి ఎనిమిది రోజులు వరండాలో కూర్చుని పాత హోల్డర్లన్నీ విప్పారు. ఇరవై రెండు కొత్తవి కోశారు. ప్రతి గుండ్రటి కిటికీకీ పైన ఒక చిన్న గాటు, రింగు పట్టేంత. రింగు లేని ఇరవై ఒకటికీ అదే గాటు. పని చేయని కన్ను మూసుకుని, వణికే చేతిని మోకాలికి ఆనించి చీటీలన్నీ మళ్లీ రాశారు. మా ఆయన చూసి చూసి, "నాన్నా, గాటు ఒక్కదానికి పెడ్తె సరిపోతది గదా?" అన్నారు.

"ఒక్కదానికే పెడ్తె, గదొక్కటే తప్పు జేసినట్టు కనవడ్తది రా" అన్నారు మామ, తల ఎత్తకుండానే.

నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. నెపం పెట్టడానికి ఉల్లిగడ్డలు కూడా లేవు ఆ రోజు.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత ఫ్రేము ముందు చాలాసేపు నిలబడి, ఈ గాట్లెందుకని అడిగాడు. "ఒకదానికి అవసరం సార్. మిగిలినయి దానికి తోడు" అన్నారు మామ. చీటీల్లో సంవత్సరం, లోహం, స్థితి అని మూడు వరసలు. మిగతావాటి స్థితి 'బాగున్నది' అని ఉంటే, నాదాని కింద అదే సిరాతో 'మెడలో వేసుకున్నది' అని ఉంది. అమరికకు నిండు మార్కులు, రింగుకు కోత. బహుమతి రాలేదు. ఇంటికొచ్చి ఆయన కడుపునిండా తిన్నారు. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ ప్రతి బతుకమ్మకూ నాలుగు పిన్నులు ఊడదీసి రూపాయి నా చేతిలో పెట్టి, మర్నాడు మళ్లీ పిన్నులు కొట్టేవారు.

ఇప్పుడా పిన్నులు తుప్పు పట్టాయి, పారదర్శక కాగితం పచ్చబడింది. దుకాణాల్లో గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలు దొరుకుతాయి, అన్నీ ఒకే సైజు, నా రూపాయి వాటిలో పట్టదు. పెళ్లి కార్డులు ఖాయం చేశాక, అచ్చు లేని అట్ట యాభై ముక్కలు విడిగా ఇమ్మన్నాను. నిన్న మొదటి గాటు కోశాను, కాస్త వంకరపోయింది. మిగతా ఇరవై ఒకటీ అదే వంకరలో కోయాలి. రూపాయిని వెలుతురులో పెట్టి చూస్తే రింగు వెంట్రుకంత మిగిలింది. వెండిని అంతగా అరగదీసింది ఉత్త నూలు దారం. కాలానికి అంతకన్నా గట్టి పనిముట్టు అక్కర్లేదు కాబోలు.