మాస్టారి ఓక్ చెట్టు

ఏలూరు మిషన్ స్కూల్లో మా ఇంగ్లీషు మాస్టారు ఏటా బోర్డు మీద ఓక్ చెట్టు వేసి, కొమ్మ మీద నైటింగేల్‌ని కూర్చోబెట్టి, రెంటి గురించీ వ్యాసం రాయమనేవారు. ఆ రెండూ ఆయన పుట్టి బుద్ధెరిగాక చూసినవి కావు. ఆయనదీ మా కొల్లేరే. సెలవులకి దోనెలో వెళ్తుంటే కూత విని పిట్ట పేరు చెప్పేవారు. నేను పికిలిపిట్ట గురించీ తుమ్మచెట్టు గురించీ రాస్తే మాత్రం ఎర్రసిరాతో కొట్టేసి, "ఇవి పరీక్షకి పనికిరావమ్మా" అన్నారు.

ఓసారి ఇన్‌స్పెక్షనుకి దొర వచ్చాడు. కిటికీ అవతల తుమ్మ మీద పికిలిపిట్ట పాడుతోంది. అదేం పిట్ట అని మాస్టారిని అడిగాడు.

"తెలియదండీ" అన్నారు మాస్టారు.

దొర నావైపు తిరిగాడు.

"తెలియదండీ" అన్నాను నేనూ.

మాస్టారు మెచ్చుకోలుగా తలాడించారు. ఆ ఏడు ఇంగ్లీషు బహుమతి నాకే ఇచ్చారు.