ఒక సీసా చుట్టాలు

మా అత్తయ్య కోట్లకు కాజాలు కుడుతుంది. వాటికీ మిషన్లు వచ్చాయిగా అంటే, "మిషన్ కాజా చొక్కాకి చాలు, కోటుకి చేతికాజా పడాల్సిందే" అంటుంది. నలుగురు టైలర్లు ఇప్పటికీ ఆమెకే పంపుతారు. కిటికీ పక్కన కుర్చీ, ఒళ్ళో కోటు, పళ్ళ మధ్య దారం కొస. ఆ కొస అక్కడున్నంతసేపే మా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

షుగరు ఆమె కళ్ళ మీద పడింది. కంటి వెనక పొరలో నీరు చేరి వాచిందన్నాడు డాక్టరు. చుట్టూ ఉన్న గుడ్డంతా కనిపిస్తుంది, మధ్యలో కాజా మాత్రం మసక. మొదట లేజర్ చేశారు. తర్వాత నెలనెలా కంట్లోనే ఇంజెక్షన్ అన్నారు. కంట్లో సూదేమిటి దేవుడా అని నేను హడలిపోతే, "పుట్టినప్పటి నుంచి సూదితోనే బతికాను, అది నన్నేం చేస్తుందే?" అంది.

ఆ మందు ఖరీదెక్కువ. అందుకని ఆసుపత్రివాళ్ళు ఒక సీసా మందును విడగొట్టి నలుగురికి ఒకే రోజు వేసేవారు. నలుగురూ వస్తేనే సీసా తెరుస్తారు. అత్తయ్య జట్టులో ఒక రిటైరైన బస్సు కండక్టరు, ఒక బేకరీ ఆయన, ఆయన వదినగారు. బేకరీ ఆయన ప్రతిసారీ బన్నులు తెచ్చేవాడు. షుగరున్నవాళ్ళకి బన్నులేమిటయ్యా అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నా వినేవాళ్ళేరీ? ముందురోజు అందరికీ ఫోన్లు చేయడం అత్తయ్య పని. "రేపు రాకపోతే ఇంటికొచ్చి లాక్కొస్తా" అని కండక్టరుని బెదిరించేది.

ఇంతలో మందుల బజారు మారింది. పాత మందుల్నే వేరే కంపెనీలు కూడా తయారుచేయడంతో ధరలు దిగాయి. నాలుగు నెలలకొకసారి వేస్తే చాలనే కొత్త మందు వచ్చింది, అది మాత్రం ఖరీదే. ఎవరి మందుకు బలమెక్కువన్న పోటీ పోయి, ఎవరి మందు కంట్లో ఎక్కువ కాలం నిలుస్తుందన్న పోటీ మొదలైంది. "పాతదానికి మీ కళ్ళు ఆరడం లేదు, కొత్తదానికి మారండి" అన్నాడు డాక్టరు. మా ఆయన సరేనన్నాడు. అత్తయ్యే ససేమిరా అంది.

"నేను మానేస్తే సీసా తెరవరు. వాళ్ళు కొత్తది ఎక్కడ కొనగలరు పాపం?"

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అత్తయ్యా!"

"నీ సామెతలు నీ మొగుడికి చెప్పుకో."

నెలలు గడిచాయి. ఒకరోజు ఒక కోటు తిరిగొచ్చింది. గుండీ పట్టే చీలిక ఒకచోట ఉంటే కుట్టు ఇంకోచోట పడింది. టైలరు దాన్ని మడతపెట్టి కుర్చీలో ఉంచి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కండక్టరుకి ఫోన్ చేసి కడిగేశాను.

"మీ కోసమని మా అత్తయ్య కళ్ళు పోగొట్టుకుంటోంది. తెలుసా మీకు?"

"మా కోసమా?" అన్నాడు. "అమ్మా, నన్నూ కొత్త మందే వేయించుకోమన్నారు. మా అబ్బాయి సిద్ధంగానే ఉన్నాడు. కాజాలు కుట్టుకునే మనిషి, ఆవిడకెక్కడ కుదురుతుందిలే అని నేనే ఆగాను. బేకరీ ఆయనా అంతే, వాళ్ళ వదినగారూ అంతే."

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు వానల ముందు నుంచి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గంటలకొద్దీ బన్నుల గురించి మాట్లాడుకున్న నలుగురు, ఒకళ్ళ మీద ఒకళ్ళు జాలిపడి, ఈ ఒక్క సంగతి దగ్గర నోళ్ళు కుట్టేసుకున్నారు.

చెబితే అత్తయ్య పగలబడి నవ్వింది. "కండక్టరు నా మీద జాలిపడ్డాడా! ఎంత పొగరు!" అంది. తర్వాత ఆ కోటు ఒళ్ళోకి తీసుకుని, తప్పు కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చుంది.

నలుగురూ కొత్త మందుకి మారారు. ఇప్పుడు ఎవరి తేదీ వారిది. అత్తయ్య కుడి కన్ను ఆరింది, కాజా మళ్ళీ చీలిక మీదికొచ్చింది. ఎడమ కంట్లో మాత్రం వాపు ఎక్కువ కాలం ఉండిపోయి పొర దెబ్బతిందనీ, ఇక ఏ మందూ దాన్ని బాగుచేయలేదనీ డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య కుడి కన్ను చేత్తో మూసుకుని నావైపు తిరిగింది.

"కమ్మలు కనిపిస్తున్నాయి. కొంగు కనిపిస్తోంది. ముఖమే లేదే నీకు."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నేను కుర్చీ లాక్కుని బాగా దగ్గరికి జరిగాను.

"ఇప్పుడో అత్తయ్యా?"

"ఇప్పుడూ అంతే."