దగ్గుకు తెగిన కూత

పరుశురాం ఒళ్లు హూనం చేసుకుని సాధించిన తొలి గెలుపు 2017 డిసెంబరులో రాష్ట్ర జూనియర్ కబడ్డీ పోటీల కంచు పతకం. మొదటి ఆటలోనే ఎడమచేతి రెండు వేళ్లు విరిగాయి. గురువు గట్టయ్య తన తువ్వాలు అంచు చింపి ఆ రెండు వేళ్లనూ కలిపి కట్టాడు. ఆ కట్టుతోనే మిగతా మూడు ఆటలూ ఆడాడు. ఆఖరి ఆటలో ఒక్కడే పదకొండు పాయింట్లు తెచ్చాడు. అప్పటికి వాడి వయసు పదహారు. వాళ్లుండే మాణికేశ్వర్ నగర్ గల్లీల్లో రాష్ట్రస్థాయి పతకం అంతకుముందు ఏ ఇంటికీ రాలేదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు, ఉన్న మాట.

ఆ తర్వాత వాడు ఆగింది లేదు. 2018లో జూనియర్ జట్టుకు కెప్టెన్. మరుసటి ఏడు దక్షిణాది విశ్వవిద్యాలయాల పోటీల్లో బంగారు పతకం. 2022లో సీనియర్ రాష్ట్ర జట్టులో చోటు, ఆ ఏడే జాతీయ పోటీల్లో ఒకే ఆటలో పదిహేడు పాయింట్లు. 2024లో దక్కన్ డేగలు అనే లీగ్ జట్టు వాడిని ఏడాది ఒప్పందం మీద తీసుకుంది. తల్లి లింగమ్మ సర్టిఫికెట్లన్నిటికీ ప్లాస్టిక్ తొడిగించి, ఇంట్లో వానకు చెమ్మగిల్లని గోడ ఒక్కటే ఉంటే దానికే వరసగా తగిలించింది.

తండ్రి లచ్చయ్య యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంటవాడు. ఇరవై ఎనిమిదేళ్లు పెద్ద గుండిగల్లో పప్పు కలిపీ కలిపీ ఆయన కుడి భుజం పైకి లేవడం మానేసింది. చొక్కా తొడుక్కోవాలంటే లింగమ్మ సాయం ఉండాలి. ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు పరుశురాం తండ్రికి ఒక మాట ఇచ్చాడు.

“వచ్చే సీజన్‌కు గూడ నన్ను ఉంచుకున్నరంటే నువ్వు గరిటె కింద పెట్టు నాయినా. మళ్ల ఆ మెస్ మొఖం చూడద్దు.”

“ఉంచుకుంటరంటవా?”

“ఉంచుకోక ఎటు పోతరు?”

ఆ ఏడాదంతా వాడికి కావలసింది అదొక్కటే, రెండో సీజన్.

ఇక గట్టయ్య సంగతి. ఆయన యూనివర్సిటీ మైదానాల్లో ముప్పై ఏళ్లు గ్రౌండ్‌మన్‌గా చేసి దిగిపోయినవాడు. ఊళ్లో ఏడో తరగతి చదివాడు. 1989లో రాష్ట్ర జట్టుకు ఆడాడు. ఒక్క గుక్కలో కూత పెట్టి కోర్టు చుట్టూ నాలుగు సార్లు తిరిగేవాడని అప్పటివాళ్లు ఇప్పటికీ చెబుతారు. హాస్టళ్ల వెనక మట్టిలో ఆయన తయారుచేసిన పిల్లల్లో పద్నాలుగు మందికి ఆట వల్లనే ఉద్యోగాలొచ్చాయి, ఆరుగురు పోలీసుల్లో, ముగ్గురు రైల్వేలో, మిగతావాళ్లు అక్కడా ఇక్కడా. కానీ ముప్పై ఏళ్లు పొడి సున్నంతో గీతలు గీసిన మనిషి. ఆ సున్నం ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నాలుగు మాటలకొకసారి దగ్గు వస్తుంది. వస్తే ఓ పట్టాన వదలదు, మనిషిని వంచేసి, కళ్లలో నీళ్లు తెప్పించి పోతుంది.

కబడ్డీలో కూతే ప్రాణం. కూతకు వెళ్లినవాడు ఒకే గుక్కలో ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ ఎదుటివాళ్లను తాకి, నడిమి గీత చేరాలి. గీత చేరకముందు కూత తెగితే వాడు అవుటు, తాకినవన్నీ దండగ. గట్టయ్య ఏడాది పాటు పరుశురాం చేత కూత తప్ప మరేమీ సాధన చేయించలేదు.

లీగ్‌లో చేరిన పది రోజులకు జట్టు మేనేజర్ శశిభూషణ్ వాడిని పిలిచి కూర్చోబెట్టాడు.

“ఆట బాగానే ఉంది తమ్ముడూ. కానీ స్టేడియంలో నిన్ను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ప్రతివాడికీ ఒక పాట ఉంది, ఒక స్టైల్ ఉంది. డీజే మొదలెట్టగానే జనం లేచి నిలబడాలి. నీకేముంది?”

వాడికేమీ లేదు. అందుకని నరహరి దగ్గరికి వెళ్లాడు.

నరహరి వాడితో బడిలో చదివినవాడే. తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించిన గదిలో ర్యాప్ పాటలు కడతాడు. గ్రౌండ్‌కు వచ్చి పరుశురాం కూతను రికార్డు చేసుకుపోయాడు. రెండు రోజులకు పిలిచి వినిపించాడు.

“మామా, కూత ఓకే. గానీ నడుమల గిది ఇను.”

ఖళ్, ఖళ్, ఖళ్‌ళ్.

“అరే, గట్టయ్య కాక దగ్గురా అది. తీసెయ్.”

“తీసేస్తే పాటనే లేదు. దీని కింద డ్రమ్ము పెడ్తున్న, ఇను.”

పరుశురాం విన్నాడు. వద్దనుకుంటూనే కాలు తాళం వేసింది.

“కాకకు తెలిస్తే?”

“కాక యూట్యూబ్ చూస్తడా ఏంది? ర్యాప్ అంటేనే పెద్దోన్ని తిట్టుడు మామా. ఎవన్నీ తిట్టకుంటే అది భజన అయితది.”

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులోనే పల్లవి పుట్టింది.

“ఖళ్ ఖళ్ గట్టన్నా, దమ్ము ఏడ పాయెనన్నా
నీ కూత నా నోట్ల ఉన్నది
నీ గ్రౌండు నా కాళ్ల కిందున్నది.”

వీడియో తీశారు. మెడలో గొలుసులు, నల్ల కళ్లద్దాలు. పరుశురాం పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని మూడుసార్లు దగ్గుతాడు, రెఫరీ వేషం వేసినవాడి కాలర్ పట్టి పక్కకు విసురుతాడు, మళ్లీ దగ్గుతాడు. వారం తిరిగేసరికి ఆ పాట తార్నాక ఆటోల్లో, హాస్టల్ వరండాల్లో, పెళ్లి బరాత్‌ల్లో మోగిపోయింది. మాట నేర్వని పిల్లలు కూడా పిడికిలి పెట్టి దగ్గడం నేర్చారు.

ఒక సాయంత్రం తార్నాక మెట్రో కింద చాయ్ దుకాణం దగ్గర పరుశురాం బండి ఆపాడు. చుట్టూ కుర్రాళ్లు మూగారు, సెల్ఫీలు. అదే సమయానికి గట్టయ్య సిటీ బస్సు దిగాడు. చేతిలో ఎక్స్‌రే కవరు. దిగిన వెంటనే దగ్గు అందుకుంది. స్తంభం పట్టుకుని వంగిపోయాడు.

చాయ్ దుకాణం దగ్గరి కుర్రాళ్లు ఒక్క గొంతుగా ఎత్తుకున్నారు. “గట్టన్నా, దమ్ము ఏడ పాయెనన్నా!”

వాళ్లకు ఆ ముసలాయన ఎవరో తెలియదు. దగ్గు వినిపిస్తే తర్వాతి ముక్క పాడాలని మాత్రమే తెలుసు. గట్టయ్య తలెత్తాడు. తన పేరు విని, తెలిసినవాళ్లు పలకరిస్తున్నారనుకున్నాడు పాపం.

“ఏం బిడ్డా, ఎవరు మీరు?”

కుర్రాళ్లు పొట్టలు పట్టుకున్నారు. “అరే, ఒరిజినల్ పీసు రా బయ్! అన్నా, పరుశన్నా, ఒక్కసారి నువ్వు గూడ కొట్టు. పక్కపక్కన వీడియో తీస్తం. ప్లీజన్నా!”

అప్పుడు చూశాడు గట్టయ్య పరుశురాంను. పరుశురాం కూడా ఆయన్ని చూశాడు. బండి స్టార్ట్ చేసి వెళ్లిపోవచ్చు. ఎవడూ కాళ్లకు అడ్డం పడలేదు. కానీ ఎదురుగా ఎనిమిది ఫోన్లున్నాయి. వాడు పిడికిలి నోటికి పెట్టి, గురువు ముఖంలోకి చూస్తూ మూడుసార్లు దగ్గాడు. తాళం ఒక్క వీసం తప్పలేదు.

గట్టయ్య ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకున్నాడు.

“నా దగ్గు గింత మంచిగ వస్తదని నాకే తెల్వదురా పరుశిగా,” అన్నాడు. మాణికేశ్వర్ నగర్ వైపు నడిచిపోయాడు.

ఆ వీడియోను పాట కంటే ఎక్కువ మంది చూశారు.

సీజన్ మొదలైంది. ఆటలో పరుశురాంకు తిరుగులేదు. మొదటి తొమ్మిది ఆటల్లో తొంభై నాలుగు పాయింట్లు. కొత్తవాళ్లలో అంత తెచ్చినవాడు ఆ ఏడు మరొకడు లేడు. వాడు కూతకు లేస్తే డీజే ఆ దగ్గు వేసేవాడు, స్టేడియం అంతా దగ్గేది. గీత దాటగానే వాడు వెనక్కి తిరిగి, కింద పడ్డవాడి ముఖం మీదికి వంగి దగ్గేవాడు. రాజలింగమనే పాత డిఫెండర్ మోకాలు పట్టుకుని లేవలేక పడి ఉంటే ఆయన మీదా అలాగే దగ్గాడు. జట్టు బస్సులో అందరూ ఒక వైపు, వీడు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఒక వైపు. పొద్దున పరుగుకు వెళ్లినా, అన్నం తింటున్నా, ఆ పాటే.

తర్వాత తర్వాత దగ్గు గీత అవతలి నుంచి గీత మీదికి వచ్చింది. ఒక ఆటలో అంపైర్ పిలిచి హెచ్చరించాడు. “కూత పూర్తి కాకముందే దగ్గుతున్నావు, జాగ్రత్త.” పరుశురాం ఆయనకు కన్ను కొట్టాడు. జనం ఈలలు వేశారు.

సెమీఫైనల్. ఆఖరి కూత. రెండు జట్లూ ముప్పై ఒకటి దగ్గర సమానం. పరుశురాం లేచాడు. చెప్పుకోవలసిన కూత అది. కుడివైపు దొంగ అడుగు వేసి, ఎడమ మూలలో ఉన్నవాడి భుజం తాకి, నడుముకు చుట్టుకోబోయిన ఇంకొకడిని మోకాలితో విదిలించి గాలిలో తిరిగాడు. గట్టయ్య నేర్పిన తిరుగుడు. రెండు పాయింట్లు చేతిలో పడ్డట్టే. గీత ఒక్క అడుగు దూరం. డీజే పాట వేశాడు. జనం దగ్గారు. వాడి కాలు ఆ అడుగు దగ్గర ఆగింది, పిడికిలి నోటికి వెళ్లింది.

ఖళ్.

అంపైర్ ఈల వేశాడు. కూత తెగింది. వాడు అవుటు. ముప్పై ఒకటికి ముప్పై రెండు. ఆట అయిపోయింది.

పరుశురాం ఒక క్షణం అర్థం కానట్టు చూశాడు. తర్వాత నేరుగా వెళ్లి అంపైర్ కాలర్ పట్టుకుని పక్కకు విసిరాడు, అచ్చం వీడియోలో విసిరినట్టు. యాభై ఆరేళ్ల మనిషి కోర్టు పక్కనున్న ప్రకటనల బోర్డు అంచుకు తగిలి పడ్డాడు. ముందు పళ్లు రెండు ఊడాయి. అది కూడా పాటలో భాగమనుకుని వెనక వరసలవాళ్లు చప్పట్లు కొట్టారు.

విచారణ జరిగింది. ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా నిషేధం వేయవచ్చునని, ఎంతన్నది ఆటగాడు మొదట పేరు నమోదు చేసుకున్న క్లబ్బు పెద్ద రాసిచ్చే లేఖను బట్టి తేలుస్తామని కమిటీ చెప్పింది. శశిభూషణ్ ఫోన్ చేశాడు.

“ఆరు నెలలైతే వచ్చే సీజన్‌కు ఉంచుకుంటాం. అంతకు మించితే నా చేతుల్లో లేదు. ఇంతకీ ఆ క్లబ్బు పెద్ద ఎవరు?”

పరుశురాం ఫోన్ పెట్టేశాడు. క్లబ్బును 1996లో నమోదు చేయించినవాడు, నేటికీ దాని కార్యదర్శి, గట్టయ్యే.

లింగమ్మ వెంట వస్తానంది. వద్దని ఒక్కడే వెళ్లాడు. మధ్యాహ్నం మూడు గంటలు. హాస్టళ్ల వెనక మట్టి కోర్టులో కొత్త పిల్లలు ఏడుగురు సాధన చేస్తున్నారు. గట్టయ్య కుర్చీలో ఉన్నాడు, పక్కన ఇన్‌హేలర్. పరుశురాం కాళ్లు పట్టుకోబోయాడు.

“కాళ్లిడిసిపెట్టు. ఏం గావాలె?”

“ఆరు నెలలని రాయి కాకా. తప్పయింది.”

“తప్పు సంగతి నేను అడిగిన్నా?” గట్టయ్య దగ్గి, నోరు తుడుచుకున్నాడు. “ఒక్క కూత పెట్టు. గీ పోరల మీదికి పో, ఒకన్ని తాకి రా. తెగకుండ వస్తే ఆరు నెలలనే రాస్త. నా మాట మాటే.”

పరుశురాం గుండె తేలికపడింది. ఇంతేనా? జాతీయ పోటీల్లో పదిహేడు పాయింట్లు తెచ్చినవాడు. చెప్పులు విడిచి కోర్టులో దిగాడు. “కబడ్డీ కబడ్డీ కబడ్డీ…” గొంతు నిండుగా, గుక్క నిండుగా. పిల్లలు బెదిరి వెనక్కి జరిగారు. ఎడమ వైపు వాడి మణికట్టు తాకాడు. వాడు తడబడి పడ్డాడు. పరుశురాం తిరిగాడు. గీత రెండడుగులు. పాట లేదు, జనం లేరు, చెట్ల మీద కాకులు కూడా అరవడం లేదు.

చేయి దానంతట అదే లేచింది. పిడికిలి నోటికి తగిలింది.

ఖళ్, ఖళ్, ఖళ్.

దగ్గి, గీత దాటి నిలబడ్డాక గాని వాడికి తెలియలేదు ఏం చేశాడో. ఏడుగురు పిల్లలూ గురువు వైపు చూశారు.

“దగ్గమని ఎవరన్న చెప్పిన్రా నీకు?”

“లేదు కాకా… చెయ్యి అదే పోయింది.”

“మరి నీ చెయ్యి నీ మాట ఇననీకె ఎన్నొద్దులు వడ్తది? ఆరు నెలలల్ల అయితదా?”

“కాకా, రెండేండ్లంటే నేను ఖతం. నాయిన భుజం…”

“మీ నాయిన భుజం సంగతి నువ్వు నాకు చెప్పకు. ఆయన వండిన పప్పు తినుకుంటనే నీకు కూత నేర్పిన. ఆయన మొఖం జూసి రాద్దమనే కూత పెట్టమన్న. నువ్వే తెంపుకున్నవు.”

గట్టయ్య కాగితం తీసి, ఏడో తరగతి చదువుకున్న గుండ్రటి అక్షరాలతో తానే రాశాడు. రాసింది రాసినట్టు పైకి చదివాడు. “ఇతనికి కూత నేర్పింది నేనే. ఇప్పుడు ఇతనికి కూత రాదు. రెండు సంవత్సరములు…” నడుమ దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గాడు. పిల్లలెవరూ పాడలేదు. గురువు ముందు పాడితే వీపు పగులుతుందని వాళ్లకు తెలుసు. దగ్గు తగ్గాక గట్టయ్య మిగతాది పూర్తి చేసి, సంతకం పెట్టి, కాగితాన్ని పరుశురాం చేతికే ఇచ్చాడు.

“పోయి నువ్వే ఇచ్చిరా. నడుమల చింపినవంటే ఇంకోటి రాస్త.”

పరుశురాం చింపలేదు. తానే తీసుకెళ్లి కమిటీకి ఇచ్చాడు. కమిటీ రెండేళ్ల నిషేధం వేసింది. మూడు రోజులకు డేగల జట్టు వాడి పేరు తీసేసింది. నరహరి ఆ పాటలో పేర్లు మార్చి మరో జట్టు కుర్రాడికి ఇచ్చాడు. అది ఇంకా బాగా మోగుతోందని వినికిడి. లచ్చయ్య ఎడమచేత్తో గరిటె పట్టడం నేర్చుకున్నాడు. పక్కన గంపెడు ఉల్లిగడ్డలు ముందేసుకుని కోస్తున్నది రాష్ట్ర పోటీల్లో కంచు, విశ్వవిద్యాలయానికి బంగారం తెచ్చిన పరుశురాం.

నిషేధం తీరి వాడు మళ్లీ ఆటలోకి రావలసిన తేదీ 2027 ఫిబ్రవరి 9.