మడమ దిగని మంచు

శనివారం మధ్యాహ్నం దాటిపోయినా అడవి చివర ఉర్హో ఆవిరిగది మీద పొగ లేవలేదు.

లెంపి కంగాస్ వంటింటి కిటికీ దగ్గర అటే చూస్తూ నిలబడిపోయింది. శనివారం ఆవిరిస్నానానికి పొయ్యి రాజేయని ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండదు. ఉర్హోకి ఎనభై దాటాయి. ఫోను పెట్టుకోడు, మనిషి గాలి పడదు. ఆ పొగే ఆయన క్షేమసమాచారం.

ఉర్హో ఆమె భర్తకు స్వయానా అన్న. తమ్ముడు ఏనార్ అడవిలోని స్కీదారి మీద బండితో మంచు అణిచి చదును చేసేవాడు. అతను పోయినప్పుడు, ఖననం అయ్యాక కాఫీలు తాగుతూ పదిమందిలో అన్నాడు: "ఆ బండి అమ్మేయమ్మాయ్. మంచుకి తల దువ్వడం ఆడాళ్ళ వల్లయ్యే పనా?" ఆ రోజు నుంచి లెంపి ఆయన గడప తొక్కలేదు. మొండితనంలో ఆ వంశానికి కోడలేమీ తీసిపోలేదు మరి.

బండి అమ్మలేదు సరికదా, దాన్ని తన చేతికి తగ్గట్టు మార్చుకుంది. నాలుగు చక్రాలూ తీయించి రబ్బరు పట్టాలు బిగించింది. చెట్ల మధ్య దారి చేతులు చాపినంతే కాబట్టి పక్క అద్దాలు పీకి పారేసింది. మంచు అణచడానికి వెనక దొర్లే పీపాను పాత తూము గొట్టంతో చేయించింది. బడిలో పిల్లలకు వండిపెట్టి రిటైరైన మనిషి, ఆ చలికాలమంతా పట్టాల బిగువు అరచేత్తో నొక్కి చూడటం నేర్చుకుంది. వదులైతే మలుపులో ఊడుతుంది, మరీ బిగిస్తే బేరింగు పోతుంది.

ఆమెకొక నియమం ఉంది. దారి అణిచాక మొదట్లో తాడు కట్టేస్తుంది. మడమతో తొక్కితే గుంట పడనంత గట్టిపడేదాకా ఎవరినీ పోనివ్వదు. స్కీలు భుజాన వేసుకొచ్చి నిలబడ్డవాళ్ళు తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

ఉర్హో ఇంటి ముందునుంచే పోయే ఆ దారిని ఆ రోజు ఇంకా అణచలేదు. సరస్సు మీంచి వచ్చిన గాలి నడుములోతు మంచు పోసి అప్పుడే తెరిపిచ్చింది. లెంపి రక్షకదళంలో పనిచేసే పక్కింటి డెల్బర్ట్‌ను పిలిచింది. అతను మంచు మీద పరిగెత్తే స్నోమొబైల్ మీద వచ్చాడు.

"అంబులెన్స్ పెద్దరోడ్డు దాకా వస్తుంది. ఆ పీపా విప్పేసి పద పిన్నీ, ఆలస్యం అమృతం విషం!"

"పీపా విప్పితే పోవడం పోతాం. ఆయన్నెలా తెస్తాం? నిదానమే ప్రధానం నాయనా."

"నువ్వు నిదానంగా వచ్చేలోపు ఆయన బిగుసుకుపోతాడు," అని డెల్బర్ట్ ముందు దూసుకుపోయాడు.

రెండో మలుపులోనే స్నోమొబైల్ ముక్కు దాకా మెత్తటి మంచులో దిగబడి, దారికి అడ్డంగా ఇరుక్కుంది. పక్కనుంచి పోదామంటే రెండు వైపులా హెమ్లాక్ చెట్లు. వెనకే బండిలో వచ్చిన లెంపికి అరవాలన్నంత కోపం వచ్చింది. బండి ముందరి ఇనుపతాడు తగిలించి దాన్ని చెట్ల సందులోకి లాగించింది. ఈలోగా ఎండ వాలిపోయింది.

"ఎక్కు. నోరు మెదపకు," అంది. ఇద్దరూ ఆమె బండిలోనే కదిలారు. నడక వేగం. వేగం పెంచితే పట్టాలు మంచును ఎగజిమ్ముతాయి, వెనక గోతులు మిగులుతాయి. కాలు నొక్కమంటోంది, బుద్ధి వద్దంటోంది. దారి పొడుగునా ఆమె గుండె బండి కంటే ముందు పరిగెత్తింది.

ఉర్హో ఆవిరిగది ముందర అరలో నేలమీద పడి ఉన్నాడు. తుంటి విరిగింది. చేతికందిన తువ్వాళ్ళన్నీ కప్పుకున్నాడు. పొయ్యిలో కట్టెలు పేర్చే ఉన్నాయి, అగ్గిపెట్టె ఆయన గుప్పిట్లోనే ఉంది.

"ఎవరూ... లెంపివా?" పెదవులు నీలంగా ఉన్నాయి.

"నేనే బావా. మాట్లాడకు."

బండి మీద కట్టి తెచ్చిన స్లెడ్జిని, మంచు మీద జారే ఆ బల్లను, డెల్బర్ట్ దింపి తెస్తున్నాడు. లెంపి పొయ్యి వెలిగించింది.

"ఇప్పుడిదేంటి పిన్నీ! ఎత్తుకుపోదాం పద!"

"దారి ఇంకా పచ్చిగా ఉంది. ఒక్క గుంటలో స్లెడ్జి ఒరిగిందంటే ఆ ఎముక నరాన్ని కోసేస్తుంది. ముందు ఆయనకి వేడి పట్టాలి, దారికి చలి పట్టాలి."

"అంతలోపు పోతే?"

లెంపి పొయ్యిలోకి ఇంకో కట్టె తోసింది. ఆ భయం ఆమెకూ ఉంది. ఉర్హో కాలిని పలకలతో కదలకుండా కట్టారు. ఆమె మాటిమాటికీ బయటికి వెళ్ళి దారి మీద మడమతో తొక్కింది. దిగింది. లోపలికొచ్చి ఆయన చేతులు రుద్దింది. మళ్ళీ వెళ్ళింది. కాస్త దిగింది. పొద్దు గుంకి చలి బిగిసింది. ఈసారి బలంకొద్దీ తొక్కినా గుంట పడలేదు.

పీపా అక్కడే వదిలేసి స్లెడ్జి తగిలించారు. డెల్బర్ట్ అంబులెన్స్‌కి ఎదురు పరిగెత్తాడు. అతని బూట్లు కూడా ఆ దారిలో దిగలేదు.

మొదట్లో వెనకనుంచి మూలుగు వినబడింది. దేవదారు గుబుర్లు దాటాక అదీ ఆగిపోయింది.

"బావా!" అని కేకేసింది. పలకలేదు. ముందు దిగుడు, మధ్యలో ఆపితే స్లెడ్జి వచ్చి బండిని గుద్దుతుంది. వెనక్కి తిరిగి చూద్దామంటే దారి సన్నం. "చంపేశాను, ఆగి ఆగి చంపేశాను," అనుకుంటూనే స్టీరింగు వదలకుండా నడిపింది. కళ్ళల్లో నీళ్ళు, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పెద్దరోడ్డు దగ్గర అంబులెన్స్ పక్కన బండి ఆపి, దూకి, స్లెడ్జి మీద వంగింది. ముసలాయన ముక్కులోంచి ఆవిరి వస్తోంది. సన్నగా గురక కూడా. వచ్చే దారిలో నిద్రపోయాడు.

లెంపి మంచులో చతికిలపడి ఏడ్చేసింది.

ఉర్హో ఒక కన్ను తెరిచాడు. "ఏవమ్మాయ్, ఆపేశావేం? ఇంకా దువ్వాల్సింది ఉందా?"